పెద్ద గ్రౌండ్ భయం

జనవరి 5

రోజా మళ్లీ వచ్చింది.

పొద్దున ఐదున్నరకు కాలేజీ గ్రౌండ్ గేటు తీసేసరికి బయట నిలబడి ఉంది. మూడేళ్ల కింద పోలీసు ఉద్యోగానికి అంబర్‌పేట్‌లో పరుగు తప్పి, ఆ తర్వాత నాకు మొహం చూపించకుండా పోయిన పిల్ల. కొంచెం ఒళ్లు చేసింది. కళ్ల కింద నలుపు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి లైబ్రరీలో కూర్చునే పిల్లలందరికీ ఉండే నలుపే అది.

"నమస్తే సార్. ప్రిలిమ్స్ పాసైన. మార్చిల ఈవెంట్లు. మల్ల మీ దగ్గరనే ఉరుకుత" అంది.

"వయసు?"

"ఇదే ఆఖరు సార్. ఇది పోతే మల్ల ఫారం గూడ తీస్కోరు."

ఆ ఈవెంట్లలో ఆడపిల్లలు ఎనిమిది వందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకన్లలోపు పరుగెత్తాలి. మా గ్రౌండ్‌లో రోజూ ఐదు పన్నెండుకు వచ్చేది. అక్కడికి పోయి ఐదు ఇరవై రెండు చేసింది. రెండు సెకన్లలో పోయింది. పెద్ద గ్రౌండ్ భయం, ఇంకేం లేదు. మన పిల్లలందరికీ ఉన్న జబ్బే అది. దాని మీద నేను సెమినార్‌లో పేపరు చదివి మెమెంటో కూడా తెచ్చుకున్నాను. ఊరికే అనడం లేదు.

మార్చి 31న నా రిటైర్మెంటు. ముప్పై ఐదేళ్లు నారాయణగూడలో ఒకే కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా చేశాను. పన్నెండేళ్లు ఇంటర్ కాలేజీ పోటీల కమిటీకి సెక్రటరీగా ఉన్నాను. ఈ ఒక్క పిల్లను దాటించకుండా పోతే నా పేరు ఇంద్రసేన కాదు. రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 6

గ్రౌండ్ నుంచి వస్తూ ఎల్లేష్ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. అశోక్‌నగర్ మూల మీద వాడి టిఫిన్ బండి. చుట్టూ ఇరవై మంది హాస్టల్ పిల్లలు ప్లేట్ల కోసం చేతులు చాపి నిలబడ్డా, నన్ను చూస్తే చాలు. "జరుగుండ్రి, జరుగుండ్రి, మా గురువుగారొచ్చిండు" అని మొదటి ప్లేటు నాకే ఇస్తాడు. పదేళ్లుగా ఇదే మర్యాద.

ఈ రోజు కొత్త పిల్లలకు తన కథ చెప్పాడు. "నేను గూడ సార్ శిష్యుణ్నే తమ్మీ. రెండు వేల పదహారుల కానిస్టేబుల్‌కు ఎనిమిది వందలు ఉరికిన. ఈడ గుర్రం లెక్క ఉరికిన. ఆడ పెద్ద గ్రౌండ్ సూసి కాళ్లు వణికినయ్. మూడు సెకన్లు. లేకుంటే ఇయ్యాల మీకు ఇడ్లీ కాదు, చలాన్ వేస్తుంటి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జనవరి 8

రోజాకు పాత పద్ధతే పెట్టాను. మా ట్రాక్ రెండు వందల మీటర్లు, నాలుగు రౌండ్లు. రౌండుకు డెబ్బై ఎనిమిది సెకన్లు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మనసులో లెక్కపెట్టుకుంటూ పోవాలి. అదే రోజు లాంగ్‌జంప్, షాట్‌పుట్ కూడా ఉంటాయి కాబట్టి కాళ్లలో బలం దాచుకోవాలి.

"సార్, నేను ఇంకా జోరుగ ఉరకగల" అంది.

"ఉరకగలవు. తర్వాత లాంగ్‌జంప్ ఎవరు దుంకుతరు, మీ అమ్మ ఎల్లవ్వ దుంకుతదా?"

నవ్వలేదు. బూటు లేసు కట్టుకుంటూ, "పోయినసారి అంబర్‌పేట్ల గూడ గట్లనే లెక్కబెట్టిన సార్. ఒక్క లెక్క తప్పలే" అంది.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఏమీ అనకుండా స్టాప్‌వాచ్ నొక్కాను.

జనవరి 12

78, 78, 77, 78. గడియారం ముల్లే ఈ పిల్ల.

జనవరి 17

ఈ రోజు శ్రీదివ్య మీద అరిచాను. అరవకుండా ఉండాల్సింది.

శ్రీదివ్య మా కాంట్రాక్ట్ ఫిజికల్ డైరెక్టర్. జూన్‌లో చేరింది, నా తర్వాత గ్రౌండ్ ఆమెదే. మంచి పిల్ల, తొందర ఎక్కువ. ఫిబ్రవరిలో కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్ల ఫారంలో ట్రాక్ పొడవు, కొలిచినవారి సంతకం అడిగారు. నేను రెండు వందల మీటర్లు అని రాసి సంతకం పెట్టాను. శ్రీదివ్య స్టీల్ టేప్ పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఒకసారి కొలుద్దామా సార్?"

"ఏం కొలుస్తవు? ఇనుప పెగ్గులు రెండు నేలల పాతి ఉన్నయి. వాటికి తాడు కట్టి అటు అర్ధ చక్రం, ఇటు అర్ధ చక్రం సున్నంతోని గీస్తం. మధ్యల రెండు సీదా గీతలు. పెగ్గులు కదలకుంటే ట్రాక్ కదలదు. నువ్వు స్కూల్ల ఉన్నప్పటి నుంచి గీస్తున్న."

ఆమె అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "సార్, పాత రిజిస్టర్లు చూసిన. పదిహేనేండ్లల్ల మన పిల్లల టైమింగ్ బయట ఒక్కరిది గూడ మెరుగు కాలే. ఈడికన్నా ఆడ అందరు లేటే. అందరు భయపడతరా సార్?" అంది.

అప్పుడు అరిచాను. కాంట్రాక్ట్ వాళ్లకు సీనియర్లంటే మర్యాద లేదని కూడా అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకు అరిచానో నాకే తెలియదు.

జనవరి 18

నీళ్ల సంపు తవ్వినప్పుడు దక్షిణం వైపు పెగ్గు ఒకసారి తీసి మళ్లీ పాతారు. అంతే. మొగిలయ్య పాతాడు. ముప్పై ఏళ్లుగా గ్రౌండ్ పని చేస్తున్న మనిషి, వాడికి తెలియదా.

జనవరి 20

ప్రిన్సిపాల్ సూర్యప్రకాశరావు గారు పిలిచారు. స్పోర్ట్స్ డే నాడు కాలేజీ రికార్డుల గ్రానైట్ బోర్డు ఆవిష్కరిస్తారట. పేర్లు, టైమింగులు, కింద నా పేరు బంగారు రంగు అక్షరాల్లో. "మీ కెరీర్‌కు ఇదే మా కానుకండీ ఇంద్రసేన గారూ" అన్నారు.

ఇంటికి వచ్చి రికార్డుల జాబితా రాయడానికి కూర్చున్నాను. పద్నాలుగు రికార్డులు. అన్నీ 2011 తర్వాతవే. 2011కు ముందువి ఒక్కటీ మిగల్లేదు.

నేను సీనియర్ అయ్యాక కోచింగ్ మెరుగుపడి ఉంటుంది.

జనవరి 22

మా ఆవిడ పద్మ అడిగింది, మూడు రోజులుగా అన్నం ముందు కూర్చుని ఏం ఆలోచిస్తున్నారని. శ్రీదివ్య సంగతి చెప్పాను, ఆమె తప్పన్నట్టుగానే చెప్పాను.

"కొలిస్తే ఏమైతది?" అంది పద్మ, చారు వడ్డిస్తూ. "కొలిచినంత మాత్రాన గ్రౌండ్ కుదించుకపోతదా?"

జనవరి 25, ఆదివారం

కొలిచాను.

శ్రీదివ్యకు చెప్పలేదు. కాలేజీకి సెలవు. నేనూ, మొగిలయ్యా, స్టీల్ టేపూ. ఉత్తరం పెగ్గు దగ్గర వాడు పట్టుకున్నాడు, దక్షిణం పెగ్గు దగ్గర నేను. పెగ్గు నుంచి పెగ్గుకు యాభై మీటర్లు ఉండాలి.

నలభై ఏడు.

టేపు వదులుగా ఉందేమో, మళ్లీ లాగమన్నాను. నలభై ఏడు. చోట్లు మార్చుకుని పట్టుకున్నాం. నలభై ఏడే.

ఒకవైపు మూడు, అటువైపు మూడు. రౌండుకు ఆరు మీటర్లు తక్కువ. మా ట్రాక్ రెండు వందలు కాదు, నూట తొంభై నాలుగు.

"మొగిలయ్యా, ఈ పెగ్గు ఈడెందుకు పాతినవు?"

"కొత్త ల్యాబుకు సంపు తవ్విన్రు గద సార్. పాత జాగల పాతుదామంటే సంపు అడ్డమాయె. యాడ పాతాలె అనడిగిన. ఇప్పటికి గీడ పాతు, మల్ల కొలుద్దాం అన్నరు."

"నేనన్నానా?"

"మీరే సార్. గా దినమే మీరు సెక్రటరీ అయిన్రు. సాయంత్రం సన్మానం ఉండె. శాలువ కప్పుతరని తొందరల పోయిన్రు."

గుర్తుంది. అబద్ధమెందుకు, ఇప్పుడు కాదు, మొదటి నుంచీ గుర్తుంది. ఆ సాయంత్రం త్యాగరాయ గానసభలో సన్మానం. తెల్ల చొక్కాకు మట్టి అంటుతుందని దూరంగా నిలబడి, చేత్తో చూపించి పోయాను. మర్నాడు కొలుద్దామనుకున్నాను. మర్నాడు మీటింగ్.

"పదిహేనేండ్లల్ల ఒక్కనాడన్నా చెప్పలేదేం?"

మొగిలయ్య నన్ను వింతగా చూశాడు. "మీరు కొలిచే ఉంటరనుకున్న సార్. కొలవకుంట ఉంటరా?"

జనవరి 26

జెండా ఎగరేశాం. మిఠాయి పంచాం.

జనవరి 27

నాలుగుసార్లు లెక్క వేశాను. నాలుగు రౌండ్లకు ఇరవై నాలుగు మీటర్లు. రౌండుకు డెబ్బై ఎనిమిది సెకన్ల చొప్పున పోయే పిల్లకు ఆ ఇరవై నాలుగు మీటర్లు దాటడానికి తొమ్మిదిన్నర సెకన్లు. ఐదు పన్నెండుకు అవి కలిపితే ఐదు ఇరవై రెండు.

రోజా అంబర్‌పేట్‌లో సరిగ్గా అంతే చేసింది. ఒక్క లెక్క తప్పలేదు. నేను చెప్పినట్టే ఉరికింది, నేను చెప్పినట్టు ఉరికింది కాబట్టే పోయింది. జోరుగా ఉరుకుతానంటే వద్దన్నది కూడా నేనే.

ఆ రోజు గేటు బయట ఏడుస్తుంటే ఏమన్నాను? "ఆఖరి రౌండుల నిద్రపోయినవా?" అన్నాను. అందరి ముందు అన్నాను.

మద్దెల నిజంగానే ఓటిది. పదిహేనేళ్లుగా దాన్నే వాయించమని పిల్లల చేతికిచ్చాను.

జనవరి 28

ఉపాయం దొరికింది. పెగ్గు జరపక్కర్లేదు. ఎనిమిది వందల పరుగుకు స్టార్ట్ గీతను ఇరవై నాలుగు మీటర్లు వెనక్కి జరిపితే చాలు, దూరం సరిపోతుంది. మొగిలయ్య చేత గీయించాను. రోజా అడిగితే, అక్కడ మట్టి గుల్లగా ఉందని, వాచ్ ఆ మేరకు ముందే ఆపుతానని చెప్పాను.

ఇప్పుడు నిజం చెబితే పిల్ల మనసు చెదురుతుంది. ఈవెంటు అయ్యాక చెప్తాను. ఆమె మంచికే.

జనవరి 30

5:22. వాచ్ చూసి, "ఏందిది సార్, పది సెకన్లు పెరిగింది?" అని అడిగింది. చలికి కండరాలు పట్టేసి ఉంటాయన్నాను.

ఫిబ్రవరి 2

5:23. "జర జోరు పెంచు" అన్నాను. పెంచింది, కానీ మూడో రౌండుకు వాచ్ వైపు చూసి కాళ్లు వదిలేసింది.

ఫిబ్రవరి 3

5:26.

ఫిబ్రవరి 4

రాలేదు.

ఫిబ్రవరి 5

ఈ రోజూ రాలేదు. శ్రీదివ్య హాస్టల్‌కు ఫోన్ చేసిందట. "నాకు వయసైపోయింది అక్కా, నాతోని కాదు అంటున్నది సార్. రూం ఖాళీ చేసి ఊరికి పోతదట" అంది. నన్నే చూస్తోంది. జరిపిన స్టార్ట్ గీతను ఆమె ఎప్పుడో చూసే ఉంటుంది.

ఆమె మంచికే అని ఏ చేత్తో రాశానో. నా శాలువ మంచికి రాశాను.

ఫిబ్రవరి 6

పొద్దున గ్రౌండ్‌కు పోలేదు. తొమ్మిదింటికి చిక్కడపల్లి లైబ్రరీకి పోయాను. రోజా బయటే దొరికింది, సైకిల్ స్టాండ్ పక్కన, పుస్తకాల సంచి భుజానికి వేసుకుని. రేపు పొద్దున బస్సని చెప్పింది.

"కూసో" అన్నాను. మెట్ల మీద కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. పెగ్గు సంగతి, సంపు సంగతి, సన్మానం సంగతి, ఏదీ దాచలేదు. మొదట ఆమెకు అర్థం కాలేదు. ఆమె నోట్ బుక్ తీసుకుని ట్రాక్ బొమ్మ గీశాను. నా చేతిలో నుంచి పెన్ను లాక్కుంది. టైం అండ్ డిస్టెన్స్ లెక్కలు రోజుకు యాభై చేసే పిల్ల, నేను నాలుగుసార్లు వేసిన లెక్కను ఒక్కసారికే తేల్చింది.

"తొమ్మిదిన్నర" అంది.

"అవును."

"అంటే నేను తప్పలే."

"తప్పలేదు."

ఆ లెక్క కింద గీత గీసింది. తర్వాత మాట్లాడింది, గొంతు పెంచకుండా.

"మా అమ్మకు ఏం చెప్పిననో ఎర్కేనా సార్? భయమైంది అమ్మా అని చెప్పిన. నాకు భయం కాలే. కాలేదని నాకు ఎర్కే. మీరు అన్నరు గదా, పెద్ద సార్ అన్నడు గదా అని నన్ను నేనే నమ్మలే. మూడేండ్లు సార్. పక్క బెడ్ పిల్లలు నౌకర్లకు ఎక్కిన్రు, పెండ్లిండ్లు చేసుకున్నరు. నేను ఆ భయమేందో దేవులాడుకుంట కూసున్న."

క్షమించమని అన్నాను. అది విననట్టే ఇంకొకటి అడిగింది.

"మీకు ఎప్పుడు ఎర్కైంది?"

"పోయిన నెల ఇరవై ఐదుకు."

వేళ్ల మీద లెక్కపెట్టింది. "పన్నెండు దినాలు. నేను ఐదు ఇరవై ఆరు ఉరికి ఏడ్చిననాడు గూడ మీకు ఎర్కే."

"ఎర్కే."

అప్పుడు లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"రేపు వస్త సార్. మీ కోసం కాదు, నాకు ఇంకో గ్రౌండ్ లేదు గనక. రౌండుకు ఎంతల ఉరకాలె అని మాత్రం చెప్పకుండ్రి. వాచ్ పట్టుకోండ్రి సాలు."

పుస్తకాల సంచితో మళ్లీ లోపలికి పోయింది. చదువుకోవడానికి.

ఫిబ్రవరి 7

నేను ఒక్క మాట మాట్లాడలేదు. వాచ్ పట్టుకున్నాను. 5:06, నిజమైన ఎనిమిది వందల మీటర్లకు.

లెక్కపెట్టడం మానేస్తే ఈ పిల్ల పరుగు వేరు. ఇన్నేళ్లూ దాన్ని నేనే కళ్లెం పట్టి ఆపాను.

ఫిబ్రవరి 8

శ్రీదివ్యకు టేపు ఇచ్చాను. తీసుకుంది. కాంట్రాక్ట్ గురించి అన్న మాటకు క్షమాపణ చెప్పాను. "కమిటీ ఫారం కొత్తది తెచ్చిన సార్" అంది. జేబులోనే ఉంది, ఎన్నాళ్లుగా పెట్టుకుని తిరుగుతోందో. నూట తొంభై నాలుగు అని రాసి ఇద్దరం సంతకాలు చేశాం.

ఫిబ్రవరి 11

ప్రిన్సిపాల్ గారు తలుపు వేసి మాట్లాడారు.

"ఎవరడిగారండీ మిమ్మల్ని? పదిహేనేళ్లు ఎవరికీ పట్టని ఆరు మీటర్లు ఇప్పుడు మీకెందుకు? బోర్డు చెక్కేశారు. గెస్టును పిలిచేశాం. మీరు రిటైరయ్యాక ఆవిడ సరిచేసుకుంటుంది."

"నా తప్పు ఆమె నెత్తిన పెట్టి పోనండి."

"సర్వీసు చివర్లో మెమో అందుకుంటారా? పెన్షన్ కాగితాలు ఇంకా నా టేబుల్ మీదే ఉన్నాయి."

ఆయన బెదిరించలేదు, నిజంగానే నా గురించి జాలిపడి చెప్పారు. ఇంటికి వస్తూ లోయర్ ట్యాంక్ బండ్ దాకా అనవసరంగా నడిచాను. చాలా భయం వేసింది. పెద్ద గ్రౌండ్ భయం అంటే ఇలా ఉంటుందా అనుకున్నాను. పేపరు రాసినవాడికి ఇన్నాళ్లకు తెలిసింది.

పద్మకు మొత్తం చెప్పాను. "మెమో వస్తే వస్తది. తిన్నగ నిద్రపోండ్రి ఇగ" అంది.

ఫిబ్రవరి 20

స్పోర్ట్స్ డే. బోర్డు మీద శాటిన్ గుడ్డ కప్పి ఉంది. నన్ను రెండు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

"ఈ గుడ్డ తీయకండి" అన్నాను. "కింద ఉన్న టైమింగులు తప్పు. 2011లో ఈ ట్రాక్ మూడు మీటర్లు లోపలికి జరిగింది. జరగమన్నది నేను, కొలవనిది నేను. ఈ ట్రాక్ ఒక రౌండు నూట తొంభై నాలుగు మీటర్లు. ఇక్కడ ఉరికి బయట ఓడిపోయిన పిల్లలు ఎవరూ భయపడి ఓడిపోలేదు."

చప్పట్లు లేవు. గెస్టు వాచ్ చూసుకున్నాడు. ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారు తల దించుకుని కూర్చున్నారు. చివరన గోడ దగ్గర రోజా నిలబడి ఉంది. వస్తుందని అనుకోలేదు. నేను మైకు కింద పెట్టేసరికి లేదు.

ఫిబ్రవరి 23

మెమో వచ్చింది. సంజాయిషీ రాసిచ్చాను. రెండు వాక్యాలే రాశాను.

మార్చి 2

దక్షిణం వైపు సంపు తప్పదు. ఉత్తరం వైపు గోడ దాకా నాలుగు మీటర్లు ఖాళీ ఉంది, రాళ్లూ ముళ్లపొదలూ. నేనూ, మొగిలయ్యా, శ్రీదివ్యా మూడు రోజులు పీకాం. ఈ రోజు ఉత్తరం పెగ్గు మూడు మీటర్లు బయటికి పాతాం. మూడుసార్లు కొలిచాం. యాభై.

మొగిలయ్య సున్నం పోస్తూ, "ఇది పదిహేనేండ్ల కిందనే అయ్యేది సార్" అన్నాడు. అవును, మూడు రోజుల పని.

మార్చి 18

అంబర్‌పేట్. లోపలికి మమ్మల్ని రానివ్వరు. గేటు బయట చింతచెట్టు కింద శ్రీదివ్యా నేనూ నిలబడ్డాం. చుట్టూ అమ్మలు, అన్నలు, నీళ్ల సీసాలు. తొమ్మిదింటికి రోజా బ్యాచ్ లోపలికి పోయింది. పదకొండైంది. పన్నెండైంది. శ్రీదివ్య అరటిపండు ఇస్తే పట్టుకుని అలాగే ఉన్నాను.

ఒకటిన్నరకు రోజా బయటికి వచ్చింది. చేతి మీద పెన్నుతో రాసిన నంబరు, మోకాళ్లకు లాంగ్‌జంప్ ఇసుక. మొదట శ్రీదివ్యను పట్టుకుని ఏడ్చింది. ఏ ఏడుపో నాకు తెలియలేదు.

"అన్ని క్వాలిఫై అక్కా."

తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగు యాభై ఎనిమిది సార్."

"ఆఖరి రౌండు ఎట్ల పోయింది?"

"ఎర్కలేదు. లెక్కబెట్టలే."

ఫోన్ తీసి వాళ్ల అమ్మకు చేసింది. "అమ్మా, పాసైన. ఇంకోటి ఇను. పోయినసారి గూడ నేను భయపడలే. సార్ ఈడనే ఉన్నడు, అడుగు." ఫోన్ నా చేతికి ఇచ్చింది. ఎల్లవ్వ అటువైపు "ఆఁ, సారూ?" అంటోంది.

"అవునమ్మా" అన్నాను. "మీ బిడ్డ భయపడలేదు. తప్పు నాది."

మార్చి 24

పాత రిజిస్టర్ల నుంచి పేర్లు తీశాను. మా గ్రౌండ్‌లో గట్టెక్కి, బయట ఆ ఇరవై నాలుగు మీటర్ల తేడాతోనే పోయినవాళ్లు, రోజా కాక, పదకొండు మంది. ఐదుగురి నంబర్లు కలిశాయి. ఒకతను తిట్టాడు. ఒకామె నా పేరు చెప్పగానే ఫోన్ పెట్టేసింది. ఒకతను దుబాయ్‌లో ఉన్నాడు, నవ్వి, "ఇప్పుడెందుకు సార్ గవన్ని" అన్నాడు. నవ్వు మధ్యలో ఆగింది.

మార్చి 27

తొమ్మిది మంది అయ్యారు. ఒకతని నంబరు ఎవరి దగ్గరా లేదు.

పద్మ రిజిస్టర్ చూసింది. "ఫోన్లయితే దుబాయ్ దాంక చేస్తున్నరు. ఈ మూల మీద ఉన్నోనికి ఎప్పుడు చెప్తరు?"

జనవరి 25 నుంచి నేను ఎల్లేష్ బండి వైపు పోలేదు. ఇంటికి నల్లకుంట మీదుగా తిరిగి వస్తున్నాను. మోకాలికి నడక మంచిదని పద్మకు చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను.

మార్చి 31

ఆఖరి రోజు.

పొద్దున ఆరున్నరకే ఎల్లేష్ దగ్గరికి పోయాను. "అరె, గురువుగారు. రెండు నెలలాయె, యాడికి పోయిన్రు సార్? జరుగుండ్రి తమ్మీ, జరుగుండ్రి." ప్లేటు తీశాడు.

"ప్లేటు ఆగనీ, ఎల్లేష్. ఒక మాట చెప్పాలె."

అక్కడే, పిల్లల ముందే చెప్పాను. వాడు వాళ్ల ముందే కదా పదేళ్లు తన మీద తనే జోకు వేసుకున్నాడు. ఇరవై నాలుగు మీటర్లు అన్నాను. నీ జోరుకు అవి ఐదు సెకన్లు అన్నాను. నువ్వు పోయింది మూడు సెకన్లలో అన్నాను.

చేతిలో గరిటె, గరిటె నుంచి చట్నీ కారుతోంది. తుడుచుకోలేదు.

"నా కాళ్లు వణకలేదా సార్?"

"వణకలేదు."

"నాకు యాదికున్నది వణికినట్టు." గరిటె గిన్నెలో పెట్టాడు. "నా పెండ్లాంకు చెప్పిన. పిల్లలకు చెప్పిన. మా బిడ్డ స్కూల్ల ఆటలకు పేరిస్తానంటే, మనింట్ల భయం ఉన్నది, వద్దు బిడ్డా అని ఆపిన."

చేతులు జోడించాను. వాడు నా చేతుల వైపు చూడలేదు. ఇడ్లీ పాత్ర మూత తీశాడు, ఆవిరి పైకి లేచింది. నా కోసం తీసిన ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి, చట్నీ పోసి, పక్కనున్న పిల్లాడికి ఇచ్చాడు. తర్వాత వాడికి ఇచ్చాడు. ఆ తర్వాత వాడికి.

నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

సాయంత్రం కాలేజీలో శాలువ కప్పారు. గ్రౌండ్ తాళంచెవులు శ్రీదివ్యకు ఇచ్చాను. రేపటి నుంచి పొద్దున ఐదున్నరకు నేను తీయాల్సిన గేటు లేదు.

ఎల్లేష్ బిడ్డకు పదేళ్లు ఉంటాయి. ట్రాక్ ఇప్పుడు రెండు వందల మీటర్లు. అది వాడికి చెప్పడం మర్చిపోయాను.

రేపు మళ్లీ పోతాను. లైన్లో నిలబడతాను.